ఎవరూ తాకని గోడ

వజ్రపు మొనా, నీకు దండం.

నిన్ను చూడాలంటే భూతద్దం కావాలి. నువ్వు చూసేది చూడాలంటే భూతద్దమూ చాలదు. నల్లటి గ్రామఫోను ప్లేటు మీద, వెంట్రుక కన్నా సన్నని గాడిలోకి దిగుతావు. ఆ గాడి గోడల్లో మైక్రానులో భాగమంత వంకరలు కూడా ఉంటాయి. ఘంటసాల గొంతు అడుగున మోగే గాంభీర్యం అక్కడే ఉంది. చిట్టిబాబు వేలు వీణ తీగను లాగి వదిలిన క్షణం అక్కడే ఉంది. చరణం ఎత్తుకునే ముందు పాటగాడు పీల్చిన ఊపిరి అక్కడే ఉంది. ఆ ఊపిరి గాలిలో కలిసి యాభై ఏళ్ళు దాటింది; గాడిలో మాత్రం ఇంకా ఛాతీ నిండుతూనే ఉంది. నువ్వు వచ్చి తడిమేదాకా అది అలాగే ఆగి ఉంటుంది.

ఎంత దూరం నడుస్తావో! ఎల్‌పీలో ఇరవై నిమిషాలు పాడే ఒక వైపు గాడిని విప్పి పరిస్తే నాలుగు వందల మీటర్లు దాటుతుంది. రెండు వైపులూ కలిపి హైదరాబాదు ఆబిడ్స్ జీపీఓ మెట్ల దగ్గర పరచడం మొదలుపెడితే, ఆ గాడి స్టేషన్ రోడ్డు పట్టుకుని సాగి, నాంపల్లి స్టేషన్ ఇంకాస్త దూరం ఉందనగా ముగుస్తుంది. ఆ దారిలో నేను నడిస్తే హారన్లు, ఆటోలు, లాడ్జీల బోర్డులు, రైలు దిగి పెట్టెలతో దారి అడిగే జనం. నువ్వు జానెడు చోటు దాటకుండా అంత దూరమూ నడిచేస్తావు. ఆ నడకకే నేను సంగీతం అని పేరు పెట్టుకుని కూర్చుంటాను.

ఆదివారం ఆబిడ్స్‌లో షట్టర్లు దిగితే ఫుట్‌పాత్‌లు తెరుచుకుంటాయి. మూసిన దుకాణాల ముందు పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల గైడ్లు, ఉర్దూ నవలలు, అట్ట ఊడిన నిఘంటువులు, ఎవరి పెళ్ళికో ఎవరో సంతకం పెట్టి ఇచ్చిన కవితా సంపుటాలు. వాటి సందున అరుదుగా ఒక అట్టపెట్టె కనిపిస్తుంది. అందులో ప్లేట్లు నిలబడి ఉంటాయి. కవరు పోయినవి కొన్ని, కవరుంటే లోపల ఇంకో ప్లేటు ఉన్నవి కొన్ని. వేళ్ళతో ఒక్కొక్కటీ వెనక్కి తోస్తూ చూస్తాను. హెచ్‌ఎంవి కుక్క, కొలంబియా స్వరాల గుర్తు, పోలిడార్ ఎరుపు.

"పలుకుతుందా భాయ్?"

"పలకకుంటే గడియారం చేయించుకో అన్నా. గిప్పుడు గదే ఫ్యాషను. గోడకు మస్తుంటది."

నడుమ చిల్లు ఎలాగూ ఉందని గడియారం ముళ్ళు బిగిస్తారట. నువ్వు ఆనవలసిన చోట గంటల ముల్లూ నిమిషాల ముల్లూ తిరుగుతాయి. ప్లేటు మాత్రం ఇక తిరగదు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టుంటుంది. అమ్మేవాడిని తప్పుపట్టలేను. ఆ ప్లేటు ఇంకా పాడగలదని అతనికి చెప్పినవాళ్ళు లేరు.

ఈ ప్లేట్లు బీరువాల్లో కూర్చుని ముసలివి కాలేదు. పెళ్ళి పందిళ్ళలో మైకు సెట్ల మీద తిరిగాయి. ఇరానీ హోటళ్ళ చాయ్ పొగలో తిరిగాయి. టూరింగ్ టాకీసుల్లో ఆట మొదలవడానికి ముందు ఘంటసాల 'నమో వేంకటేశా' పాడుతుంటే, పొలాల్లోంచి జనం గబగబా నడిచి వచ్చిన కాలం అది. ఇళ్ళలో అయితే హెచ్‌ఎంవి ఫియస్టా: మూత తీస్తే పాట, మూత వేస్తే పెట్టె, పట్టుకుని ఏ ఊరికైనా పోవచ్చు. ఆ పెట్టెల్లోని సిరామిక్ కార్ట్రిడ్జిలు గాడి మీద బాగా బరువు మోపేవి, నువ్వు మోపేదానికి రెట్టింపు, కొన్ని అంతకు మించి. పైగా ముల్లు అరిగినా ఇంకా పాడుతోంది కదా అని అలాగే వాడేవారు. మొన అరిగితే అంచులు తేలతాయి. తేలిన అంచు గాడిని చదవదు, చెక్కుతుంది. పాట ఎంత ఇష్టమైతే అంత ఎక్కువ తిప్పారు. ఎంత ఎక్కువ తిప్పితే అంత పోయింది. పల్లవి దగ్గర బరబర, తారస్థాయికి వెళ్ళగానే చిట్లుడు. ఇంటిల్లిపాదీ మెచ్చిన పాటకే ఎక్కువ గాయాలు.

ఇక్కడే, మొనా, నీ మహిమ మొదలవుతుంది.

పాత ముళ్ళ మొన గుండ్రన. గుండ్రని మొన గాడి అడుగుదాకా దిగలేదు. రెండు గోడలకూ ఒకే ఎత్తులో ఆని, అక్కడే నడుస్తుంది. వేయిసార్లు తిప్పితే వేయిసార్లూ ఆ ఎత్తులోనే రాపిడి. గోడలో ఆ ఒక్క పట్టీ అరిగిపోతుంది. దాని కింద ఎవరూ ఆనని గోడ మిగిలి ఉంటుంది. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చు పడిన రోజు ఎలా ఉందో అలా. ఎన్ని పెళ్ళిళ్ళు దాటినా, ఎన్ని చేతులు మారినా, ఆ లోతుకు ఏ ముల్లూ రాలేదు.

నువ్వు వస్తావు. నీ రూపం గుండ్రన కాదు. పక్కలు సన్నగా చెక్కి, నిలువున పొడుగ్గా ఉంచి నిన్ను తీర్చారు. నా చేతికి వచ్చింది ఆడియో-టెక్నికా వారి వీఎం95 ఎంఎల్. మైక్రోలీనియర్ అంటారు ఈ చెక్కడాన్ని. అదే వరసలోని గుండ్రని మొనకు వ్యాసార్థం 15 మైక్రాన్లు. నీకు పక్క అంచు వ్యాసార్థం 3 మైక్రాన్లు. అందుకే గోడకు నువ్వు ఒక చుక్కగా కాక నిలువు గీతగా ఆనుతావు. అరిగిన పట్టీనీ తాకుతావు, దాని కింద అరగనిదాన్నీ తాకుతావు. అదే ప్లేటు, అదే ఆంప్లిఫయరు, అవే స్పీకర్లు. పాట మాత్రం ముసుగు తీసుకుని ముందుకొచ్చి కూర్చుంటుంది.

నీ వంశం తలుచుకుంటే నాకు ఆశ్చర్యం ఆగదు. 1970ల మొదట్లో జపాన్‌లో జేవీసీ వాళ్ళు నాలుగు స్పీకర్ల ప్లేటు తెచ్చారు. దాని గాడిలో మనిషి చెవికి అందని 45 కిలోహెర్ట్జ్ దాకా సంకేతాలు చెక్కారు. వాటిని చదవలేక గుండ్రని మొనలు చతికిలబడితే, నోరియో షిబాటా అనే ఇంజనీరు వజ్రాన్ని కొత్తగా చెక్కాడు. ఆ నాలుగు స్పీకర్ల సంగీతం కొన్నేళ్ళకే పోయింది. దానికోసం పుట్టిన మొన బతికింది, పిల్లల్ని కన్నది. నువ్వు ఆ సంతతిదానివి. ఎవరి కోసమో తపస్సు చేస్తే వరం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది అట్టపెట్టెకు దక్కింది. ఆ పేటకు ఇది కొత్త కాదు. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం తెరిచినప్పటి నుంచీ దూరదేశపు సరుకు అక్కడ దిగుతూనే ఉంది. ఆ దుకాణం పేరే పేట పేరైంది.

అన్ని ప్లేట్లనూ నువ్వు బతికించలేవు. మొండి ముల్లు లోతుగా కోసేసిన గోడ ఇక గోడ కాదు. కొన్నింటి మీద నువ్వు దిగినా బరబరే వస్తుంది. వాటిని కూడా నేను గడియారాలకు ఇవ్వను.

నిన్ను పీఠం మీద కూర్చోబెట్టడం ఒక పూట పని. తొందర ఉన్న రోజు మొదలుపెట్టకూడదు. ట్రూప్ బజారులో చిన్న స్క్రూడ్రైవరు దొరుకుతుంది, గడియారాలు బాగుచేసేవాళ్ళ చిమటా దొరుకుతుంది. కోఠీ గుజరాతీ గల్లీలో వైర్లూ పిన్నులూ అడిగితే ఎన్ని రకాలు కావాలంటారు. బంగారం తూచే ఊరు కనుక నూరో వంతు గ్రాము చూపే త్రాసుకూ కొదవ లేదు. ముందుగా నిన్ను కార్ట్రిడ్జి ఒంట్లోంచి ఊడదీసి డబ్బాలో భద్రపరచాలి. నీ వెనకనే అయస్కాంతాలు ఉన్నాయి, ఇనుప పనిముట్టును చటుక్కున లాక్కుంటాయి. లాక్కున్న వేగానికి నీ సన్నని కడ్డీ వంగితే అంతే. నువ్వు పక్కనుంటే మిగిలిన పనంతా ధైర్యంగా చేయవచ్చు.

కార్ట్రిడ్జికి నాలుగు తీగలు. తెలుపు ఎడమ చెవిది, నీలం దాని గ్రౌండు. ఎరుపు కుడి చెవిది, ఆకుపచ్చ దాని గ్రౌండు. గాడి లోపలి గోడ ఎడమకు, బయటి గోడ కుడికి పాడుతుంది. ఒక్క మొన రెండు గోడలనూ ఒకేసారి విని దేని మాట దానికి అప్పగిస్తుంది. 1931లో ఇంగ్లండులో ఆలన్ బ్లమ్‌లైన్ ఈ ఊహకు పేటెంటు రాసుకున్నప్పుడు దాన్ని అమ్మే దుకాణం లోకంలో లేదు. స్టీరియో ప్లేటు బజారుకు రావడానికి మరో పాతికేళ్ళకు పైగా పట్టింది.

మరలు రెండు, వాటి నడుమ దూరం అరంగుళం. వాటిని ముందు వదులుగానే ఉంచాలి, ఎందుకంటే అసలు పూజ ఇప్పుడే. ప్లేటును చెక్కిన మొన అంచు నుంచి నడుముకు తిన్నగా జరిగింది. నిన్ను మోసే చెయ్యి మాత్రం ఒక కీలు మీద వంపుగా తిరుగుతుంది. తిన్నని దారిని వంపు చెయ్యి ఎలా చదవాలి? 1938లో స్వీడన్‌లో ఎరిక్ లోఫ్‌గ్రెన్ ఈ లెక్క తేల్చాడు. దాని ప్రకారం నిన్ను సరైన కోణంలో ముందుకు జరిపి బిగిస్తే, ఆ వంపు మొత్తంలో రెండు చోట్ల నువ్వు గాడి వెంట ఖచ్చితంగా తిన్నగా ఉంటావు. నడుమ నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర ఒకటి, 120.9 దగ్గర ఇంకొకటి. మిగతా దారంతా రవ్వంత తప్పు, చెవి క్షమించగల తప్పు. ఆ రెండు చుక్కలూ గీతలూ ఉన్న కాగితాన్ని నాంపల్లిలో ఏ జిరాక్సు దుకాణంలోనైనా అచ్చు తీయించవచ్చు. పేజీకి సరిపెట్టమని యంత్రానికి వదిలేస్తే కొలత కుదించుకుపోతుంది కాబట్టి స్కేలు పెట్టి చూసుకునే తేవాలి.

నిన్ను మళ్ళీ ఒంటికి తొడిగి, కాగితం ప్లేటు మీద పరిచి, దీపం దగ్గరికి లాక్కుని, ఒక చుక్క మీద నిన్ను దించి, కోణం చూసి, ఎత్తి, అణువంత జరిపి, రెండో చుక్క మీద దించి, మళ్ళీ ఎత్తి. బొబ్బిలిలో వీణకు మైనంలో మెట్లు కూర్చే పనివాడు ఇలాగే ఒక మెట్టును జరిపి, తీగ మీటి విని, తల ఊపక మళ్ళీ జరుపుతాడు. స్వరం దొరికే చోటు ఒక్కటే. దొరికాక అతనికీ చెప్పాల్సిన పనుండదు, నాకూ చెప్పాల్సిన పనుండదు. మరలు బిగిస్తాను, ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం, నువ్వు పక్కకు తిరగకుండా.

తర్వాత తూకం. చెయ్యి వెనకున్న బరువును తిప్పుతూ పోతే ఒకచోట చెయ్యి కిందకూ పోదు, పైకీ పోదు. గాలిలో తేలుతుంది. అదే సున్న. అక్కడి నుంచి నీకు రెండు గ్రాములు ఇస్తాను. నీకు రాసిపెట్టిన బరువు అదే, 1.8 నుంచి 2.2 దాకా హద్దు. రెండు గ్రాములంటే ఎంతని! కానీ నువ్వు ఆనే చోటు ఎంత చిన్నదంటే అక్కడి ఒత్తిడిని చదరపు సెంటీమీటరుకు లెక్కకడితే టన్ను దాటుతుంది. బరువు తగ్గిస్తే గాడికి మేలు చేసినట్టని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు, దీన్ని గట్టిగానే చెప్పాలి. తేలికైన ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతుంది, పడ్డచోటల్లా గోడను కొడుతుంది. తగినంత బరువుతో కుదురుగా నడిచే మొనే ప్లేటును కాపాడుతుంది.

నీ ముఖం నిటారుగా ఉందో లేదో చిన్న అద్దం మీద దించి చూడాలి. నువ్వూ నీ నీడా ఒకే గీతగా నిలవాలి, పక్కకు ఒరగకూడదు. చెయ్యి ప్లేటుకు సమాంతరంగా సాగాలి. తిరిగే గాడి నిన్ను నడుము వైపు లాగుతుంది కనుక ఆ లాగుడుకు ఎదురు రవ్వంత బలం, యాంటీ స్కేటింగ్, బయటికి ఇవ్వాలి. లేకపోతే లోపలి గోడ మీదే వాలిపోయి ఎడమ చెవికి ఎక్కువ చెప్తావు, కుడి చెవిని మరిచిపోతావు. వేగం సంగతి పాత ట్యూబ్‌లైటు చూసుకుంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వెలుగు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. అంచు చుట్టూ 180 గీతలున్న చక్రం నిమిషానికి 33⅓ చుట్లు తిరిగితే ఆ వెలుగులో గీతలు నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. అవి నడిచాయా, వేగం తప్పింది.

నువ్వు ప్లేటు మాటే కాదు, ఇంటి మాటా వింటావు. తలుపు వేసినా వింటావు, పక్కనుంచి ఎవరు నడిచినా వింటావు. 2018 నుంచి నాంపల్లి మీదుగా మెట్రో పోతోంది. మెట్రో పోయినా, వీధిలో లారీ పోయినా, కింద షట్టరు లాగినా నేల వణుకు బల్ల గుండా నీ దాకా వస్తుంది. అందుకే ప్లేయరును బల్ల మీంచి తీసి గోడకు బిగించిన అర మీద పెట్టడం మంచిది.

ఇంత చేస్తే నువ్వు ఇచ్చేది ఎంత? మూడున్నర మిల్లీవోల్టులు. ఆ కాస్త విద్యుత్తులోనే మృదంగం కుడివైపు నాదమూ ఎడమవైపు గుమ్మనే మోతా ఇమిడి ఉండాలి. గాడిలో మంద్రాన్ని ఉన్నంతగా చెక్కితే ఒక గాడి పక్కగాడిలోకి దూసుకుపోతుంది. కాబట్టి మంద్రాన్ని అణచి, తారాన్ని పెంచి చెక్కుతారు. 1954లో స్థిరపడి, క్రమంగా లోకమంతా ఒప్పుకున్న లెక్క అది. ఫోనో ఆంప్ ఆ లెక్కను తిరగేసి, అణచినదాన్ని లేపి, పెంచినదాన్ని దించి అసలు పాటను నిలబెడుతుంది.

లక్క ప్లేట్లకు మాత్రం నువ్వు చాలవు. 78 వేగపు గాడి వెడల్పు. అందులో నువ్వు అడుగున పడి దొర్లుతావు. 'పుష్పవిలాపం' 78 వేయాలంటే నీ ఒంటికే ఇంకో మొన తొడిగి, దాదాపు ఐదు గ్రాముల బరువు ఇవ్వాలి. ఆ ప్లేట్లను స్పిరిట్‌తో తుడవకూడదు, లక్క కరిగిపోతుంది.

ఇప్పుడు విందాం.

మొదట 1963 నాటి ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం. తెల్లవారుజామున ఏ గుడి మైకులోంచి విన్నా అది ఊరంతటికీ కలిపి పాడినట్టుంటుంది. నువ్వు చదివితే ఆమె ఎదురుగా కూర్చుంటుంది. పెదవులు కలిసి విడిపోయే మకారం వినిపిస్తుంది. వెనక తంబూరా ఒకటే నాదం కాదని, నాలుగు తీగలు వంతులవారీగా పలుకుతున్నాయని తెలుస్తుంది. తర్వాత చిట్టిబాబు 'మ్యూజింగ్స్ ఆఫ్ ఎ మ్యుజీషియన్'. కాకినాడ మనిషి, ఈమని శంకరశాస్త్రి శిష్యుడు. గోరు తీగను తాకిన చప్పుడు ముందు, స్వరం ఆ వెనక: ఆ రెంటి నడుమ కనురెప్పపాటు కూడా లేదు, అయినా నువ్వు ఆ రెంటినీ విడదీసి చూపిస్తావు. ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోనే బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో బడే గులాం అలీఖాన్ 1968లో కన్నుమూశాడు. ఆయన ఠుమ్రీ ప్లేటు మీద నువ్వు దిగితే, అంతటి గొంతు పిల్లిపిల్ల అడుగులతో మంద్రానికి దిగే చోటు కూడా చెదరకుండా వస్తుంది.

ప్లేటు చివరి పాట దగ్గరే నీ అసలు పరీక్ష. అంచున గాడి సెకనుకు 50 సెంటీమీటర్ల వేగంతో నీ కింద జరుగుతుంది. నడుము దగ్గరికి వచ్చేసరికి 21. అదే పాట సగానికన్నా తక్కువ జాగాలో ఇరుక్కుని ఉంటుంది. గుండ్రని మొన అక్కడ తడబడుతుంది, సకారాలన్నీ ఉమ్మినట్టు వస్తాయి. మన ఎల్‌పీల్లో శోకగీతమో, గానకచేరీ ముగింపో తరచు ఆ ఇరుకులోనే పడింది. ఇన్నాళ్ళూ ఆ పాట వస్తుంటే నేను లేచి ప్లేటు తీసేసేవాడిని. నువ్వు వచ్చాక చివరి చుట్టుదాకా కూర్చుంటున్నాను.

నీ ఆయుష్షు వేయి గంటలని నిన్ను చేసినవాళ్ళే చెప్పారు. అందులో ఒక్క గంట కూడా దుమ్ము ప్లేటు మీద ఖర్చు కాకూడదు. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటరుతో, రెండు చుక్కల సబ్బుతో, గాడి తిరిగే వైపుకే తుడిచి ఆరబెడుతున్నాను. ఈ వారం అట్టపెట్టెలో దొరికింది అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవాలీ. మన హైదరాబాదు ఖవాలు, 1971లో పద్మశ్రీ అందుకున్నవాడు. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ముందు నుంచి పోతూ ఖవాలీ వినిపిస్తే కాళ్ళు ఆగిపోయిన వాళ్ళెందరో ఈ ఊళ్ళో ఉన్నారు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. ప్లేటు నిండా గీతలు, లేబులు మీద ఎవరిదో ఇంటిపేరు, మొదటి పాట దగ్గర తెల్లగా తేలిన అరుగుదల. దాని కింద గోడ మిగిలే ఉంటుంది. తడి ఆరాక దిగు. రెండు గ్రాములు, అంతే. హార్మోనియం తిత్తి మొదటి గాలి నుంచీ కావాలి నాకు, వెనక వరస చప్పట్లు విడివిడిగా కావాలి.